నన్ను అడగండి

మా రియో సెకో కమ్యూనిటీ కాలేజీలో చేరడం ఏమంత కష్టం కాదు. పద్దెనిమిదేళ్లు నిండి, ఊపిరి ఆడుతూ ఉంటే చాలు, చేర్చుకుంటారు. చేరాక కావలసిన క్లాసులో సీటు దొరకడమే అసలు తంటా. అందులోనూ అనాటమీ. ఈ లోయలో నర్సు కావాలనుకునే ప్రతివాళ్లూ ఆ క్లాసు గుమ్మం దాటాల్సిందే, ఆ ల్యాబులో ఉన్నవేమో ఇరవై నాలుగు స్టూళ్లు. ఇంకో నాలుగు స్టూళ్లు వేయండి మహాప్రభో అని పిల్లలు ఏళ్ల తరబడి మొత్తుకుంటుంటే కాలేజీవాళ్లు ముందు వాకిట్లో ఫౌంటెన్ కట్టించారు. దాంట్లో నీళ్లు రావు. నీళ్లన్నీ గడ్డి మీది స్ప్రింక్లర్లలో వస్తాయి, అదీ సరిగ్గా మనుషులు నడిచే వేళకి.

యారెలీ బుస్తమాంతే ఆ ఆగస్టు సోమవారం కాలేజీలో అడుగుపెట్టేసరికే సగం విసిగిపోయి ఉంది. పార్కింగులో ఖాళీ కోసం అమ్మ పాత కారులో గిరగిరా తిరిగి తిరిగి, చివరికి బాదం తోట పక్కన దుమ్ములో ఆపి, అక్కణ్నుంచి ఎండలో నడిచి వచ్చింది. హైస్కూలు అయ్యాక టైర్ల షాపు కౌంటర్లో కూర్చుని, వచ్చినవాళ్లందరి కసుర్లూ పడి, ఇక చాలు, నర్సునవుతాను అని తీర్మానించుకున్న పిల్ల. ఈ టర్ములో అనాటమీ పూర్తయితేనే వసంతంలో నర్సింగుకి దరఖాస్తు పెట్టనిస్తారు. లేకపోతే ఇంకో ఏడాది టైర్లే.

అనాటమీ వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ఆమెది. మా కాలేజీ నియమం ఏమిటంటే, సీటున్నవాళ్లు మొదటి రోజు పేరు పిలిచినప్పుడు గదిలో లేకపోతే వాళ్ల పేరు కొట్టేస్తారు. ఆ సీటు వెయిటింగులో ముందున్నవాళ్లకి పోతుంది. అందుకని యారెలీ దారి పొడుగునా, ఎవరో ఒకరికి చిన్న జలుబు చేసి ఇవాళ మంచం దిగకుండా ఉంటే బాగుండునని మొక్కుకుంటూ వచ్చింది.

మొక్కు సంగతి ఏమో గానీ, అమ్మ సీసాలో పోసిచ్చిన ఓర్చాటా మూత ఊడి, బియ్యం పాలూ దాల్చినచెక్కా కలిసి చొక్కా అంతా ఒలికిపోయాయి. కొత్త విద్యార్థులకి స్వాగతం చెప్పే బల్ల దగ్గర ఒకావిడ జాలిపడి, అట్టపెట్టెలోంచి పసుపుపచ్చ టీషర్టు తీసిచ్చింది. యారెలీ బాత్‌రూములోకి వెళ్లి మార్చుకుని వచ్చింది. ముందువైపు కాలేజీ బొమ్మ ఉంది. వెనకవైపు చూసుకోవాలని తోచలేదు.

అప్పట్నుంచి మొదలు. ఒకడు వచ్చి ఆఫీసెక్కడ అన్నాడు. ఒకామె వచ్చి పుస్తకాల షాపెక్కడ అంది. ఇంకొకడు, పోర్టల్లో తన పాస్‌వర్డు పనిచేయడం లేదు, ఎందుకు అని నిలదీశాడు. యారెలీ కాలేజీ మ్యాపు ముందే చూసుకుని వచ్చింది కాబట్టి తెలిసినవి చెప్పింది, తెలియనివి కూడా చెప్పింది. వచ్చిన ప్రతివాడూ తన దగ్గరికే వస్తుంటే, తన ముఖంలో అంత తెలివి కనిపిస్తోందా అని లోలోపల మురిసిపోయింది కూడా.

ఒకటే చిక్కు. ఈ పిల్లకి కుడి ఎడమలు తారుమారు. మనసులో దారి స్పష్టంగానే ఉంటుంది, నోట్లోంచి వచ్చేసరికి తిరగబడుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే.

చివరికి ఒక అబ్బాయి వచ్చాడు. బక్కపల్చగా ఉన్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు గానీ వేళ్ల చివర్లలో ఎంత కడిగినా పోని పొలం మట్టి ఉంది. అందరిలా అరవకుండా, ఆమె నీళ్లు తాగడం పూర్తయ్యేదాకా ఆగాడు. ఆ ఆగడం యారెలీకి నచ్చింది.

"ఏమండీ, అనాటమీ ల్యాబ్ ఎటువైపో చెబుతారా?"

"ఫౌంటెన్ దాకా వెళ్లి ఎడమకి తిరగండి. తెల్ల తలుపు ఉంటుంది."

అతను థాంక్స్ చెప్పి కూడా కదల్లేదు. ఆమె కూడా అవసరమైనదానికంటే ఓ క్షణం ఎక్కువే చూసింది. తర్వాత ఇద్దరికీ ఒకేసారి సిగ్గేసింది. అతను గబగబా ఫౌంటెన్ దాకా వెళ్లి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఎడమకి తిరిగాడు.

కాసేపటికి యారెలీ కూడా అదే ల్యాబుకి బయలుదేరింది. ఫౌంటెన్ దగ్గరికి వచ్చేసరికి ఆమె కాళ్లు వాటంతటవే కుడివైపు తిరిగాయి. అతనికి ఎడమ అని చెప్పానని అప్పుడు గుర్తొచ్చింది. ఎడమ వంక చూస్తే అతను లేడు. పిలుద్దామంటే పేరు తెలియదు. వెతకడానికి పోతే ఇక్కడ పేర్లు పిలిచేస్తారు. కళ్లున్న మనిషి, తప్పని తెలిస్తే తనే వెనక్కి వస్తాడులే అని సర్దిచెప్పుకుని కుడివైపుకే పరిగెత్తింది.

అనాటమీ చెప్పేది ప్రొఫెసర్ బెడ్రోసియన్. నెరిసిన పొట్టి జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్లజోడు, ఎవరి ఏడుపులకీ కరగని గొంతు. ఆవిడ పేర్లు పిలుచుకుంటూ పోతుంటే ఒక్కొక్కరూ 'ఉన్నాను' అంటున్నారు. ప్రతి 'ఉన్నాను'కీ యారెలీ ప్రాణం కొంచెం కొంచెంగా జారిపోతోంది.

"నెంగ్ లోర్," అందావిడ. ఎవరూ పలకలేదు. ఇంకోసారి పిలిచి, పెన్నుతో గీత కొట్టి, యారెలీని వచ్చి కూర్చోమంది.

స్టూలు మీద కూర్చోగానే యారెలీకి ఎగిరి గంతేయాలనిపించాలి. అనిపించలేదు. ఆ గీత చప్పుడు చెవిలోనే ఉండిపోయింది.

క్లాసు అయిపోవస్తుండగా తలుపు తెరుచుకుంది. అతనే. మోచేతుల దాకా తెల్లటి బంకమట్టి.

జరిగిందేమిటంటే, ఎడమవైపు తెల్ల తలుపు కుండల క్లాసుది. లోపల పిలక వేసుకున్న ముసలి మాస్టారు ఒకాయన, ఏమీ అడక్కుండానే మనవాడి చేతిలో మట్టిముద్ద పెట్టి, తెలిసిన ఆకారం ఏదైనా చెయ్యమన్నాడు. అనాటమీ క్లాసుల్లో మట్టితో కండరాలు చేయిస్తారని నెంగ్‌కి వాళ్ల కజిన్ ఎవరో ఎప్పుడో చెప్పి ఉన్నారు. ఇంకేం, తల వంచుకుని గంటసేపు మహా శ్రద్ధగా పనిచేశాడు. అంతా అయ్యాక, ఎముకలు ఎప్పుడు మొదలుపెడతారు సార్ అని అడిగితే గానీ సంగతి బయటపడలేదు.

అతను గదంతా కలయజూశాడు. పసుపు టీషర్టు కనిపించింది.

"మీరే కదా నన్ను ఎడమకి పంపింది?" అన్నాడు నెమ్మదిగా.

"పొరపాటున..."

"పంపేసి, మీరొచ్చి నా సీట్లో కూర్చున్నారు."

యారెలీకి ఒళ్లు మండింది. తప్పు తనదని తెలుస్తున్నకొద్దీ ఇంకా మండింది. "నీ సీటని నాకేం కల వచ్చిందా? అయినా ఇంతమంది ఉండగా దారి తెలియని నన్నే ఎందుకడిగావు?"

"మీరే వీపు మీద రాసుకుని తిరుగుతున్నారు కదండీ."

ఆమె మెడ తిప్పి చూసుకోబోయింది, కనిపించలేదు. వెనక స్టూలు మీదున్న పిల్ల నవ్వాపుకుంటూ పెద్దగా చదివి పెట్టింది. 'నన్ను అడగండి' అని జానెడేసి అక్షరాలు. క్లాసంతా ఘొల్లుమంది. పొద్దుటి నుంచీ తన ముఖంలో ఉందనుకున్న తెలివి ఎక్కడుందో అప్పుడు తెలిసి, యారెలీకి ఆ స్టూలు కింద దూరాలనిపించింది.

ప్రొఫెసర్ బెడ్రోసియన్ ఇద్దరి మాటా విని, నియమం నియమమే అంది. సాయంత్రం క్లాసు కూడా తనదే గానీ అదీ నిండిపోయిందట. సాయంత్రాలైతే తనకీ కుదరదని, నానమ్మ కూరగాయల మడికి నీళ్లు పెట్టాలని నెంగ్ చెప్పాడు. ఆవిడ కాసేపు అతని మట్టి చేతుల వంక చూసి, కావాలంటే రోజూ వచ్చి తలుపు పక్కన నేల మీద కూర్చోమంది. ఎముకల పరీక్ష అయ్యాక ప్రతిసారీ ఎవరో ఒకరు భయపడి మానేస్తారు. మూడో వారం శుక్రవారం దాకా కొత్తవాళ్లని చేర్చుకోవచ్చు. ఈలోగా మొదటి ఖాళీ అతనిది.

నెంగ్ మర్నాటి నుంచీ నేల మీద కూర్చున్నాడు.

యారెలీ స్టూలు తలుపు వైపు వరసలో ఉంది. కళ్లు దించితే చాలు, అతని నున్నటి తల కనిపిస్తుంది. మోకాలి మీద నోట్సు పెట్టుకుని బుద్ధిగా రాసుకుంటూ ఉంటాడు. సీటున్నవాళ్లు తప్ప ఎముకలు ముట్టుకోకూడదు, అందుకని దూరం నుంచే చూస్తాడు. ఆమె మొదటి రోజే వెళ్లి క్షమించమంది. "పర్వాలేదండీ," అన్నాడు. రెండో రోజు ఇంకోసారి చెప్పింది. "అయ్యో, పర్వాలేదండీ," అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మర్యాద ఆమెని కాల్చుకు తింది.

ఇంటికి వెళ్లి అమ్మ దగ్గర వెళ్లబోసుకుంది. వాళ్లమ్మ ద్రాక్ష తోటల్లో పనిచేస్తుంది. ఆ రోజంతా కాగితాల మీద ద్రాక్ష ఎండబెట్టి వచ్చి, నడుం పట్టేసి, వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. అంతా విని పకపకా నవ్వింది.

"నిన్ను దారి అడిగాడా, పాపం. కార్లో నీ నోరు వింటే ఈపాటికి సముద్రంలో ఉండేవాళ్లం పిల్లా. నీ చెయ్యి చూసి నడుపుతా కాబట్టి ఇల్లు చేరుతున్నాం."

"అమ్మా, నేనిక్కడ చచ్చిపోతుంటే నీకు నవ్వొస్తోందా?"

అమ్మ నవ్వు ఆపకుండానే, ఆ నేల మీది అబ్బాయి మధ్యాహ్నం ఏమైనా తింటాడా అని అడిగింది. మర్నాడు యారెలీ సంచిలో ఒకటికి బదులు రెండు బురిటోలు, చిక్కుళ్లు పెట్టి చుట్టిన రొట్టెలు, ఉన్నాయి.

అలా మధ్యాహ్నాలు ఇద్దరూ ల్యాబు బయట వరండాలో తినడం మొదలైంది. అతను సంచిలో జిగురు అన్నం, పచ్చిమిరపకాయల పచ్చడి తెచ్చుకుంటాడు. కారం నాకొక లెక్కా అని యారెలీ వేలితో ఇంత తీసుకుని నాకింది. కళ్లలోంచి ముక్కులోంచి నీళ్లు కారుతుంటే కూడా, బాగుంది, కొంచెం చప్పగా ఉంది అని బుకాయించింది. నెంగ్ మొదటిసారి గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు చూశాక యారెలీకి ఇంకో కొత్త బాధ పట్టుకుంది.

అసలు బాధ ఎముకలతో. ప్రొఫెసర్ బెడ్రోసియన్ పెట్టెలోంచి ఒక ఎముక తీసి చేతిలో పెడుతుంది. పేరు చెప్పాలి, అది కుడివైపుదో ఎడమవైపుదో కూడా చెప్పాలి. యారెలీ పేర్లు గడగడా చెప్పేసేది. వైపు అడిగేసరికి నోరు తిరగబడేది. కుడి తొడ ఎముక ఎడమది, ఎడమ భుజం ఎముక కుడిది. మొదటి వారం సాధనలో ఒక్కటీ సరిగ్గా రాలేదు. ఈ లెక్కన పరీక్ష తప్పడం ఖాయమని ఆమెకే తెలిసిపోయింది.

ఆ శుక్రవారం నెంగ్ ఏదో మూట తెచ్చి వరండాలో విప్పాడు. కూరగాయల అట్టపెట్టెలు కోసి చేసిన ఎముకలు. తొడవి, భుజానివి, మోచేతివి, కుడివి వేరే, ఎడమవి వేరే. అతనికి ఇవన్నీ ఎలా తెలుసని అడిగితే, చిన్నప్పట్నుంచీ నానమ్మ వెంట ఆసుపత్రికి వెళ్లి డాక్టర్ల మాటలు ఆవిడకి తమ ఇంటి భాష హ్మాంగ్‌లో చెప్పేవాణ్నన్నాడు. సగం వాటికి తమ భాషలో మాటే లేదు. అందుకని తన ఒంటి మీదే చూపించేవాడు.

"నోటితో చెప్పకండి. మీ ఒంటికి ఆనించి పట్టుకోండి. ఎటు సరిపోతే అటు చేత్తో చూపించండి," అన్నాడు.

ఆమె అట్ట భుజం ఎముకని వీపుకి ఆనించుకుంది. చెయ్యి తడుముకోకుండా కుడి భుజం మీదికి పోయింది. ఇంకోటి తీసుకుంటే ఎడమకి పోయింది. ఒక్కటీ తప్పలేదు.

"మా అమ్మ కూడా అదే అంటుంది. నోరు వినకు, చెయ్యి చూడు అని."

నెంగ్ ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. ఆమె చేతి వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత అక్కర్లేకపోయినా అట్టముక్కలన్నీ మళ్లీ మొదట్నుంచీ సర్దడంలో పడ్డాడు.

"నేను పరీక్ష తప్పి మానేస్తే ఈ సీటు నీది. ఆ సంగతి తెలుసా?" అంది యారెలీ.

"తెలుసండీ."

"మరి నాకెందుకు నేర్పుతున్నావు?"

"మీరు తప్పులు చెబుతుంటే వినలేకపోతున్నానండీ."

ఇలాంటి మనిషిని ఏం చేయాలో ఆమెకి తెలియలేదు. రెండో వారంలో వరండాలో వాళ్లిద్దరే కాదు, క్లాసులో భయపడేవాళ్లంతా చేరారు. అట్ట ఎముకలు చేతులు మారాయి. నెంగ్ అడిగినవాళ్లందరికీ ఓపిగ్గా చెప్పాడు. వీళ్లలో ఎవరో ఒకరు మానేస్తే తప్ప నీకు దిక్కులేదురా నాయనా అని యారెలీ పళ్లు నూరింది. అతను అట్టపెట్టెలు ఇంకో నాలుగు కోసుకొచ్చాడు.

గురువారం పరీక్ష. యారెలీ చేతిలోకి చల్లటి నిజం ఎముక వచ్చింది, మోచేతిది. కళ్లు మూసుకుని, చేతికి ఆనించుకుని, కుడి చెయ్యి పైకెత్తి చూపించింది. ప్రొఫెసర్ బెడ్రోసియన్ కళ్లజోడు దించి చూసి మార్కులు వేసింది. యారెలీ తలుపు వైపు తిరిగితే నేల మీద నెంగ్ ముఖం వెలిగిపోతోంది, తనే పాసయినట్టు.

ఫలితం ఏమిటంటే, అందరూ పాసయ్యారు. ఒక్కరూ మానలేదు. ఇన్నేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదని ప్రొఫెసర్ ఆశ్చర్యపోయింది. యారెలీకి మాత్రం ఏడుపొచ్చింది.

మూడో వారం మొదలైంది. కండరాల పాఠాలు వచ్చాయి. నెంగ్ రోజూ వచ్చి అదే నేల మీద అదే చిరునవ్వుతో కూర్చుంటున్నాడు. అతనికి గడువు గురించిన బెంగే లేదు, బెంగంతా ఈమెదే. అమ్మ రెండు బురిటోలు కడితే రెండూ అతనికే ఇచ్చేస్తోంది. రాత్రి పుస్తకం తెరిస్తే అక్షరాల మీద నున్నటి తల కనిపిస్తోంది. అతనంటే ఇష్టం పుట్టిందని ఆమెకి తెలిసిపోయింది. ఇష్టమైన మనిషి సీటు మీద కూర్చుని అతన్నే కిందికి చూడడం ఆమె వల్ల కాలేదు.

శుక్రవారం వచ్చింది. చేర్చుకునే గడువు ఆ సాయంత్రంతో ఆఖరు. క్లాసు అవగానే యారెలీ ప్రొఫెసర్ గదికి వెళ్లి, తను అనాటమీ మానేస్తున్నానని చెప్పింది. తన సీటు నెంగ్ లోర్‌కి ఇవ్వమంది. టైర్ల షాపువాళ్లు మళ్లీ రమ్మంటున్నారని అబద్ధం కూడా ఆడింది.

ప్రొఫెసర్ బెడ్రోసియన్ చేతిలోని పెన్ను పక్కన పెట్టింది.

"నెంగ్‌కి సీటెందుకమ్మా?"

"నేల మీద కూర్చుంటున్నాడు కదా, మేడమ్."

"సాయంత్రం క్లాసు పరీక్షయిన మర్నాడే ఇద్దరు మానేశారు. నానమ్మ మడికి తెల్లవారుజామునే నీళ్లు పెట్టుకుంటానని అతను పోయిన వారమే అందులో చేరిపోయాడు. మొదటి వరసలో కూర్చుంటాడు. పొద్దున కూడా వచ్చి వింటానంటే, నేలకేం అరుగుతుందిలే అని సరేనన్నాను."

యారెలీ గుమ్మం వైపు రెండడుగులు వేసింది.

"ఇంతకీ మానేస్తున్నావా?" అందావిడ.

"లేదు మేడమ్. ముందు ఒకడి పని చూసొస్తాను."

నెంగ్ ఫౌంటెన్ పక్కన మల్బరీ చెట్టు నీడలో గడ్డి మీద కూర్చుని జిగురు అన్నం ముద్ద చేస్తున్నాడు. యారెలీ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె ముఖం చూసి అతను ముద్ద కిందపెట్టాడు.

"నీకు సీటుందా?"

"ఉందండీ."

"ఎప్పట్నుంచి?"

"పోయిన శుక్రవారం."

"మరి పొద్దున్నే వచ్చి ఆ నేల మీద దేభ్యం ముఖం వేసుకుని ఎందుకు కూర్చుంటున్నావు? వారం నుంచీ నాకు తిండి సయించడం లేదు. ఇప్పుడే వెళ్లి నా సీటు నీకిచ్చేయమని చెప్పొచ్చాను. తెలుసా?"

నెంగ్ దిగ్గున లేచాడు. ఒళ్లోని అన్నం గడ్డి పాలైంది. ఇన్నాళ్ల మర్యాద ఒక్కసారిగా ఎటుపోయిందో పోయింది.

"సీటు వదిలేస్తావా? ఎవరడిగారు నిన్ను? అన్నన్ని అట్టపెట్టెలు కోసింది నువ్వు మానేయడానికా? మళ్లీ వెళ్లి వద్దని చెప్పు, పద."

"అప్పుడే చెప్పేశాలే. నువ్వు ముందే ఒక్కమాట చెప్పి ఏడిస్తే నాకీ ఖర్మ ఉండేదా?"

"చెప్పేస్తే పొద్దున ఆ తలుపు దగ్గర కూర్చోవడానికి నాకింకేం సాకుంటుంది?"

సరిగ్గా అప్పుడు మా కాలేజీ స్ప్రింక్లర్లు బుస్సుమని లేచాయి. మా లోయకి ఆ నెలల్లో కురిసే వాన అదొక్కటే. గడ్డి మీద ఉన్నవాళ్లంతా పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తారు. వీళ్లిద్దరే తడుస్తూ నిలబడ్డారు.

"ఇంకొకటి కూడా చెప్పాలి," అన్నాడు నెంగ్, ముఖం మీది నీళ్లు తుడుచుకుంటూ. "మొదటి రోజు నువ్వు నోటితో ఎడమన్నావు. కానీ నీ చెయ్యి ఎప్పుడూ తప్పు చెప్పదు. ఆ రోజు కూడా కుడివైపే చూపించి ఉంటుంది. నేనే చెయ్యి చూడలేదు."

"మరేం చూశావు?"

"నిన్ను."

యారెలీకి ముందు చెంపలు వేడెక్కాయి. ఆ వెనకే చిర్రెత్తుకొచ్చింది. "అంటే ఇన్నాళ్లూ నేను మోసిన తప్పు నీదన్నమాట. ఎప్పుడు తెలిసింది నీకిది?"

"మీ అమ్మ మాట చెప్పావే, ఆ రోజు."

"అప్పట్నుంచీ కూడా నోరు మూసుక్కూర్చున్నావా?"

అతను వంగి, సంచిలోంచి తడి కాగితంలో చుట్టినదేదో తీసి ఆమె చేతిలో పెట్టాడు. గట్టిగా, బరువుగా, గోధుమరంగులో మెరుస్తూ ఉంది. ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. మొదటి రోజు చేసిన మట్టిముద్దని కుండల మాస్టారు పారేయకుండా కాల్చి, మెరుగు పూసి, నిన్ననే పిలిచి ఇచ్చాడట.

"ఏంటిది, గిన్నె చెయ్యబోతే పాడైందా?"

"లివర్."

ఆమె అతని ముఖంలోకి చూసింది. వేళాకోళం ఏమీ లేదు.

"మీరంతా మనసు అంటే గుండె అంటారు కదా. మా వాళ్లు లివర్ అంటారు. సంతోషమేస్తే లివర్ బాగుంది అంటాం. దిగులేస్తే లివర్ జారిపోయింది అంటుంది మా నానమ్మ." అతను దాని మీది నీళ్లు వేలితో తుడిచాడు. "ఆ రోజు నిన్ను చూసి తిన్నగా ఆ కుండల క్లాసుకే వెళ్లాను. తెలిసిన ఆకారం ఏదైనా చెయ్యమన్నాడాయన. నా చేతులు ఇదే చేశాయి."

యారెలీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏదో ఒకటి అనాలి, అనకపోతే ఏడ్చేసేట్టు ఉంది. అతను నేర్పినట్టే ఒంటికి ఆనించుకుంది, పక్కటెముకల కింద.

"తప్పు చేశావు. లావు భాగం కుడివైపు ఉండాలి. ఎడమకొచ్చింది."

"తిరగేసి పట్టుకున్నావు."

ఆమె తిప్పి పెట్టుకుంది. చక్కగా అమిరింది. నీళ్లు ఇంకా కొడుతూనే ఉన్నాయి.

"మరి నువ్వేమంటావు?" అని అడిగాడు నెంగ్.

"నాకు నీ మీద చచ్చేంత కోపంగా ఉంది," అంది యారెలీ. "జన్మలో నీతో మాట్లాడను. పో ఇక్కణ్నుంచి."

అంటూనే ఆమె ఒక చెయ్యి ఆ మట్టి లివర్‌ని పొట్టకి గట్టిగా అదుముకుంది. రెండో చెయ్యి వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది.

ఈసారి నెంగ్ నోటి మాట వినలేదు. చెయ్యి చూశాడు.